మనసులో కనిపించే సంత కాగితం మీద ఎందుకు కనిపించట్లేదు?

నాగావళి గట్టు (రాయగడ):

అందరికీ నమస్కారం. కథలో ఒక సంత దృశ్యం రాస్తున్నాను. నియమగిరి కింద చాటికొన బుధవారం సంత. కళ్ళు మూసుకుంటే మొత్తం కనిపిస్తుంది, ఎవరు ఏ పక్క కూర్చున్నారో కూడా. ఇద్దరికి చదవడానికిస్తే బాగుందన్నారు. ఏం కనిపించిందని అడిగితే "సంత" అన్నారు, అంతే. విశేషణాలు పెంచి చూశాను, ఇంకా చెడింది. పేరా ఇదీ:

"చాటికొన సంత ఎంతో అందంగా, సందడిగా ఉంది. రంగురంగుల దుస్తులు ధరించిన అమాయక గిరిజన మహిళలు తమ అటవీ ఉత్పత్తులను అమ్ముకుంటున్నారు. వెనక నియమగిరి కొండలు పచ్చని తివాచీ పరచినట్టున్నాయి. పసుపు, అల్లం, అనాసపండ్ల సువాసన గాలిలో తేలుతోంది. చాలామంది కొంటున్నారు. ఒక వృద్ధురాలు దీనంగా కూర్చుని ఉంది."

ఎక్కడ చెడిందో చెప్పండి. ఇంకో సంగతి: మా వైపు బడి ఒడియాలో, ఇల్లు తెలుగులో. వస్తువు పేరు రెండు భాషల్లోనూ నోటికొస్తుంది. విస్తళ్ళు కుట్టే ఆకుని ఒడియాలో లాగా సియాలి ఆకు అని రాయాలా, తెలుగులో అడ్డాకు అని రాయాలా? బ్రాకెట్లో అర్థం ఇవ్వొచ్చా? చివరగా, మాట ముందా, బొమ్మ ముందా? దీని మీద ఎవరైనా పనికొచ్చేది చెబితే సంతోషం.

గుణుపురం గుమ్మం:

పేరాలో బొమ్మ లేదండీ, బొమ్మ మీద మీ తీర్పు ఉంది. అందంగా, సందడిగా, అమాయక, దీనంగా. నాలుగూ చూసినవాడు ఇచ్చిన మార్కులే. మార్కులు చదివి పాఠకుడు తలూపుతాడు, కళ్ళెత్తి చూడడు. ముందు ఆ నాలుగూ కొట్టేయండి.

తర్వాత "గిరిజన మహిళలు", "అటవీ ఉత్పత్తులు". ఇవి ఆఫీసు ఫైలు మాటలు. అటవీ ఉత్పత్తి అనగానే నాకు గోడౌను బోర్డు కనిపిస్తుంది. మాట ఎంత పెద్ద గుంపుని కప్పితే బొమ్మ అంత పలచన. సరుకు, పండ్లు, అనాసపండు, ఒక పక్క ఇంకా పచ్చిగా ఉన్న అనాసపండు అని మెట్లు దిగి చూడండి. మూడో మెట్టు మీద బొమ్మ మొదలవుతుంది, నాలుగో మెట్టు మీద కుదురుకుంటుంది. ప్రతి వస్తువునీ నాలుగో మెట్టు దాకా దింపక్కర్లేదు. పేరాకి ఒకటో రెండో చాలు. అన్నీ దింపితే పాఠకుడికి ఏది చూడాలో తెలీదు.

తివాచీ సంగతి. తివాచీ నేల మీద పరుస్తారు, కొండేమో నిటారుగా నిలబడి ఉంది. పోలిక అరిగిపోయింది కాబట్టి ఎవరూ ఆగి చూడరు. ఆగి చూశారంటే నియమగిరి బోర్లా పడుతుంది.

వాసనలు మూడు కలిపి తేల్చారు, అందుకే ఒక్కటీ తగల్లేదు. విరవని అల్లం దగ్గర ముందు మట్టి వాసనే వస్తుంది. అనాస వాసన పండు అడుగున ముక్కు పెడితే బాగా తెలుస్తుంది. అంటే వాసన రావాలంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యాలి: విరవాలి, ఎత్తాలి, వాసన చూడాలి. పనికి కట్టిన వాసన నిలుస్తుంది, గాలికి వదిలింది పోతుంది.

అన్నిటికన్నా పెద్ద తప్పు, కన్ను ఎక్కడుందో చెప్పలేదు. కొండ కనిపించాలంటే దూరంగా నిలబడాలి. ముసలమ్మ ముఖం చదవాలంటే రెండు బారల లోపు ఉండాలి. ఆరు వాక్యాల్లో ఐదుచోట్లకి గెంతారు. రాయబోయే ముందు చిత్తుకాగితం మీద ఒక్క లైను రాసుకోండి: చూసేది ఎవరు, నిలబడా కూర్చునా, ఎంత దూరం నుంచి. ఆ లైను కథలో పెట్టక్కర్లేదు, కానీ దాన్ని దాటి ఒక్క వస్తువూ పేరాలోకి రాకూడదు.

కొంటున్నవాడి పక్కన నిలబడినట్టు అనుకుని రాస్తే ఇలా ఉండొచ్చు:

"దారి పక్కన గోనెపట్టా. దాని మీద ఏడు అనాసపండ్లు, పిలకలన్నీ ఒకే వైపుకి తిప్పి ఉన్నాయి. వెనక ముసలమ్మ గొంతుక్కూర్చుంది. బేరానికొచ్చినవాడు ఒక పండెత్తి అడుగున బొటనవేలితో నొక్కాడు. ఆమె చూపు ఆ వేలి మీదే ఉంది. అతను వంకరగా పెట్టేసిపోయిన పండుని మళ్ళీ మిగతావాటి వైపుకే తిప్పింది."

దీనంగా అన్న మాట లేదు. కొండ కూడా లేదు, ఈ పేరాకి అక్కర్లేదు.

వరస గురించి ఒక మాట. పాఠకుడు మొదటి రెండు వాక్యాలకే బొమ్మ గీసేసుకుంటాడు, తర్వాత చెరిపి గీయడు. ఎండలో సంత గీసుకున్నవాడికి ఆరో వాక్యంలో "చినుకులు పడుతున్నాయి" అని చెబితే వాడి సంతలో వాన పడదు. బొమ్మని మార్చేసే వివరం ఏదైనా, అంటే వెలుతురు, వాన, ఇరుకు, మనిషికి చెయ్యి లేకపోవడం లాంటివి, మొదటి రెండు వాక్యాల్లోనే రావాలి. బొమ్మకి కలిసే వివరాలు, పూసలు, పట్టా చిరుగు వగైరా, ఆలస్యంగా వచ్చినా పరవాలేదు.

"లేదు"తో జాగ్రత్త. "అక్కడ గొడుగు లేదు" అంటే పాఠకుడికి ముందు గొడుగే కనిపిస్తుంది. కనిపించాలని కోరుకుంటేనే అలా రాయండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

గుమ్మం గారి పేరా బాగుంది, కానీ "ఏడు" దగ్గర ఆగాను. లెక్కపెట్టకుండా చూపుకి అందేది నాలుగు దాకానే. ఏడు పండ్లు ఎవరి మనసులోనూ ఏడుగా కనిపించవు, "కొన్ని"గానే కనిపిస్తాయి. అంకె బొమ్మ కోసమైతే మూడు చాలు.

నేను చెప్పదలుచుకుంది తెలుగు వాక్యం గురించి. మన వాక్యంలో విశేషణం ముందు, వస్తువు వెనక. క్రియ ఆఖర్న. "రాత్రి వానకి తడిసిన, అంచులు చిరిగిన, తాళ్ళు తెగిన, ఎవరో వదిలేసిపోయిన నీలం టార్పాలిన్" అని రాస్తే, చదివేవాడు తడినీ చిరుగునీ తెగిన తాళ్ళనీ చేతిలో పట్టుకుని వాటిని దేనికి తగిలించాలో తెలీక నిలబడతాడు. టార్పాలిన్ వచ్చేసరికి సగం జారిపోతాయి. వస్తువుని ముందు పడేయండి: "నీలం టార్పాలిన్ ఒకటి ఒక పక్కకి ఒరిగింది. అంచులు చిరిగాయి. రాత్రి వాన నీళ్ళు నడిమధ్య బొజ్జలా దిగాయి." నామవాచకం ముందు రెండుకి మించి విశేషణాలు పెట్టకపోవడం నా లెక్క. ఏముందో చివరిదాకా దాచి చూపించాలనుకున్నప్పుడు మాత్రం పాత వరసే మేలు. అప్పుడు ఆ ఎదురుచూపే మీ పనిముట్టు.

ఇక "ఉంది". మీ పేరాలో మూడు వాక్యాలు ఉంది, ఉన్నాయి అంటూనే ముగిశాయి. క్రియ మన దగ్గర ఆఖరి మాట, చెవిలో మిగిలేదీ అదే. అక్కడ "ఉంది" పెడితే బొమ్మ బిగుసుకుపోతుంది. వేలాడింది, ఒరిగింది, ఆనుకుంది, నానింది అనండి.

తెలుగువాళ్ళకి దొరికిన ఇంకో సొత్తు జంటమాటలు. వీటికి అర్థం కన్నా ముందు బొమ్మే వస్తుంది, కానీ ఒకదాని చోట ఇంకోటి వేస్తే చెడుతుంది. మిలమిల అంటే చిన్నచిన్న వెలుగులు విడివిడిగా: ఇసక, చేప పొలుసు, చుక్కలు. తళతళ అంటే తోమిన నున్నటి పళ్ళెం. ధగధగలో బరువూ వేడీ ఉన్నాయి, బంగారానికి చెల్లుతుంది. నిగనిగ అనగానే నూనె రాసిన నలుపు, వంకాయ. వంటింట్లో ఇంకా నిక్కచ్చి. నీళ్ళు సలసల కాగుతాయి. అంబలి చిక్కన, దానికి బుడగ పైకొచ్చి పగలడానికి టైము పడుతుంది, కాబట్టి కుతకుత. "చోడి అంబలి సలసల కాగింది" అని రాస్తే ఆ ఇంట్లో పిండి వెయ్యడం మర్చిపోయారన్నమాట. పేజీకి ఒకటి రెండు జంటమాటలు చాలు. ఒకే వాక్యంలో రెండు పడితే రెండూ చప్పగా అయిపోతాయి.

గుణుపురం గుమ్మం:

మహేంద్రతనయ గారూ, అంకె చూపుకి అందదన్నది నిజమే. ఆ ఏడు పాఠకుడి కంటికి కాదు, ముసలమ్మ కోసం. అమ్మకానికి ఏడే ఉన్నాయంటే ఆవిడకి ఒక్కొక్కటీ లెక్కే. వేలు నొక్కుడు ఆవిడ ఎందుకు గమనిస్తోందో అక్కడ తెలుస్తుంది. మూడు అని రాస్తే సంతకి అంత దూరం దిగొచ్చినట్టు అనిపించదు. "డజను" అంటే వ్యాపారి గొంతు. కాబట్టి ఏడు ఉంచుతాను. మీ కుతకుత మాత్రం దొంగిలిస్తున్నాను.

బరంపురం అంచు:

ఒక పాత తగాదా ఇక్కడ పనికొస్తుంది. ఉన్నదున్నట్టు చెబితే కవిత్వమా కాదా అని అలంకారశాస్త్రంలో పేచీ ఉంది. "సూర్యుడు అస్తమించాడు, చంద్రుడు వెలుగుతున్నాడు, పక్షులు గూళ్ళకి పోతున్నాయి. ఇదీ కావ్యమేనా? దీన్ని వార్త అంటారు" అన్నాడు పాత సంస్కృత ఆలంకారికుడు భామహుడు. ఇంకో ఆలంకారికుడు దండి దారి వేరు. వస్తువు ఏ స్థితిలో ఎలా ఉంటుందో కళ్ళకి కట్టేట్టు చూపడం స్వభావోక్తి అనీ, అలంకారాల్లో అదే మొదటిదనీ అన్నాడు.

ఇద్దరి మాటా నిజమే, తేడా "స్థితి"లో ఉంది. పక్షులు గూళ్ళకి పోవడం ఏ సాయంత్రానికైనా సరిపోతుంది, అందుకే అది వార్త. తిప్పిన పండుని మళ్ళీ సర్దడం ఆ మనిషికే, ఆ నిమిషానికే సరిపోతుంది. మీ పేరాలో ప్రతి వాక్యానికీ ఈ గీటురాయి పెట్టండి: దీన్ని తీసుకెళ్ళి పార్వతీపురం సంతలో పెడితే అతుకుతుందా? అతికితే వార్త, కొట్టేయండి. మీ మొదటి పేరాలో "చాటికొన", "నియమగిరి" అన్న పేర్లు తప్ప అన్నీ అతుకుతాయి.

గుమ్మం గారు పోలికల్ని పూర్తిగా పక్కన పెట్టమంటున్నట్టు వినిపించింది. అక్కడ ఒప్పుకోను. మాట నేరుగా కుదరనప్పుడు పక్క అర్థానికి జరగడాన్ని లక్షణ అంటారు. దానికి పాఠ్యపుస్తకాల్లో ఇచ్చే ఉదాహరణ "గంగలో పల్లె". నీటి మీద పల్లె ఉండదు. మాట నేరుగా కుదరదు కాబట్టి మనసు ఒడ్డుకి జరుగుతుంది, జరిగేటప్పుడు గంగ చల్లదనాన్నీ వెంట తీసుకుపోతుంది. "గంగ ఒడ్డున పల్లె" అంటే ఆ చల్లదనం రాదు. పోలిక పని కూడా అదే, కుదరకపోవడంలోనే ఉంది. అరిగిన పోలికలో ఆ కుదరకపోవడం ఎవరికీ తట్టదు, అందుకే బొమ్మా రాదు. పైన "బొజ్జలా దిగాయి" అన్నది చూడండి. నీటి బరువు మోస్తున్న టార్పాలిన్ కాసేపు ఒళ్ళయింది. అలాంటిది పేరాకి ఒక్కటి ఉండనివ్వండి, రెండోది దాన్ని తినేస్తుంది.

వాన మబ్బు (జయపురం):

మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోకండి. నాకు కళ్ళు మూసుకుంటే చీకటే. "కళ్ళకి కట్టినట్టు" అన్నది మాటవరసకి అంటారనుకున్నాను. ఇలాంటివాళ్ళు వర్ణన రాయగలరా, లేక సంభాషణలతో సరిపెట్టుకోవాలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

నిక్షేపంగా రాయగలరు. మనుషుల మధ్య ఈ తేడా కొత్తగా కనిపెట్టింది కాదు. 1880లో ఇంగ్లండు శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ జనాన్ని పొద్దున టిఫిన్ తిన్న బల్లని గుర్తు తెచ్చుకుని వెలుతురు, స్పష్టత, రంగు ఎలా ఉన్నాయో రాయమన్నాడు. కొందరు అచ్చం చూసినట్టుందన్నారు, కొందరు అసలేమీ కనిపించట్లేదన్నారు. 1973లో మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మార్క్స్ బొమ్మ ఎంత స్పష్టంగా కనిపిస్తుందో కొలవడానికి 16 ప్రశ్నల పట్టిక తయారుచేశాడు. మీరు చెప్పే చీకటికి "అఫాంటేసియా" అన్న పేరు 2015లో నాడీ వైద్యుడు ఆడమ్ జెమన్ బృందం పెట్టింది. పిక్సార్ బొమ్మల సినిమాల సంస్థని నిలబెట్టినవాళ్ళలో ఒకరైన ఎడ్ క్యాట్‌మల్ తనకీ ఏమీ కనిపించదని బయటికే చెప్పారు.

2021లో వచ్చిన ఒక పరీక్షలో గదుల ఫోటోలు చూపించి, తర్వాత గుర్తున్నంత గీయమన్నారు. బొమ్మ కనిపించనివాళ్ళు వస్తువులు తక్కువ గీశారు, రంగులూ తక్కువే. కానీ ఏది ఎక్కడుందన్న లెక్కలో మిగతావాళ్ళకి తీసిపోలేదు. లేని వస్తువుని కలిపిన తప్పులు వాళ్ళవే తక్కువ. అంటే మీ పనిముట్టు చోటు. ఏది దేనికి ఎడమ, ఎంత దూరం, చేతికి ఎలా తగులుతుంది, ఎంత బరువు. రంగులు నోటుబుక్కులో అక్కడే రాసుకోండి, తర్వాత గుర్తు రావు.

ఇంకోటి, నాగావళి గారికి కూడా. బాగా కనిపించేవాళ్ళకే ఈ తప్పు ఎక్కువ జరుగుతుంది. "వృద్ధురాలు" అని రాయగానే ఆవిడ ముడతలూ పూసలూ మీ మనసులో నిండుగా వస్తాయి, అవి కాగితం మీదా ఉన్నాయనుకుంటారు. చదివేవాడికి అందేది ఆ ఒక్క మాటే. దానికి తగలడానికి వాడి దగ్గర ఉన్నది వాళ్ళ నానమ్మ బొమ్మ.

చోడి అంబలి (కోరాపుట్):

మాట ముందా బొమ్మ ముందా అన్నారు కదా. 1932లో ఒక ప్రయోగం జరిగింది. రెండు సున్నాలు, మధ్యలో చిన్న గీత, అలాంటి బొమ్మలు చూపించారు. కొందరికి "కళ్ళజోడు" అని, కొందరికి "డంబెల్" అని చెప్పారు. తర్వాత గుర్తున్నట్టు గీయమంటే మొదటివాళ్ళ గీత కళ్ళజోడు వంతెనలా వంగింది, రెండోవాళ్ళది డంబెల్ కడ్డీలా లావెక్కింది. చూసింది ఒకటే. మాట వెళ్ళి జ్ఞాపకాన్ని వంచింది.

సంతకి నోటుబుక్కు పట్టుకెళ్ళేవాళ్ళకి ఇది చాలా ముఖ్యం. నియమగిరి మీద ఉండే డొంగ్రియా తెగ ఆవిడని చూసి "డొంగ్రియా గిరిజన స్త్రీ" అని మొదటి లైను రాశారో, మిగతా జ్ఞాపకమంతా క్యాలెండర్ బొమ్మ వైపు వంగిపోతుంది. ఆవిడ జుట్టుకి పెట్టుకున్న క్లిప్పులు ఎన్నో కూడా చూడరు. ముందు చేతులు ఏం చేస్తున్నాయో రాయండి, తర్వాత చుట్టూ వస్తువులు, అన్నిటికన్నా ఆఖర్న ఆ మనిషిని ఏమనాలో. ఆ పేరుకి గంటసేపు ఆగినా నష్టం లేదు. భుజం మీద సూదిపని శాలువా ఉంటే దాని పేరు కపడాగండ అని రాసుకోండి, "రంగురంగుల దుస్తులు" వద్దు.

ఇక సియాలా, అడ్డాకా. ఎవరి నోరు అన్నదాన్ని బట్టి. కథ చెప్పేవాడు తెలుగింటివాడైతే వాడి కథనంలో అడ్డాకు, జీలుగు కల్లు, ఇప్పపువ్వు. ఒడియావాడు మాట్లాడితే వాడి నోట సియాలి, సలప, మహులొ. ఒకే మనిషి ఇంట్లో ఒకటి, బజార్లో ఒకటి అంటే అలాగే రాయండి, మన ఊళ్ళలో జరిగేది అదే. కలగాపులగం అయ్యేది కథకుడే పేజీకొక పేరు మార్చినప్పుడు. చదివేవాడు రెండు వేరు చెట్లనుకుంటాడు.

బ్రాకెట్ మాత్రం పెట్టకండి. బ్రాకెట్ వచ్చిన చోట బొమ్మ ఆరిపోయి నిఘంటువు వెలుగుతుంది. మాట పక్కన దాని పని పెట్టండి. "సలప కుండ దించాడు. నురగ ఊది ముందు ఒక గుక్క తనే తాగాడు." చెట్టు, కల్లు, దించేవాడి హక్కు, అన్నీ తెలిసిపోయాయి. "సియాలి ఆకులు ఆరు, ఈనెపుల్లతో కుట్టింది. ఏడోది పెట్టేసరికి విస్తరి గుండ్రమైంది." ఇంకేం చెప్పాలి? కొత్త మాటకి పక్కన ఒక్క పని చాలు. రెండోసారి వచ్చినప్పుడు అదీ అక్కర్లేదు. పేజీకి మూడు కొత్త మాటలు దాటితే చదివేవాడు చూడ్డం మానేసి నేర్చుకోవడం మొదలెడతాడు.

తెలుగులోనే తేడాలున్నాయి, అదీ మనసులో ఉంచుకోండి. మనకి చోళ్ళు, రాయలసీమకి రాగులు, తెలంగాణకి తైదలు. చోడి అంబలి అని రాసి దాని గోధుమ ఎరుపు ఒక్కసారి చూపిస్తే ఎవరి గిన్నె వాళ్ళకి కనిపిస్తుంది. పట్టుచీరా అంతే, బరంపురం అంచు గారికి అంచు మీద గుడి గోపురం లాంటి కుంభం కనిపిస్తుంది, మిగతావాళ్ళకి వాళ్ళ ఊరి జరీ.

గుణుపురం గుమ్మం:

పరీక్షించుకునే పద్ధతి ఒకటి చెప్పడం మర్చిపోయాను. "బాగుందా" అని అడగొద్దు. పేరా ఒక్కసారి చదవనిచ్చి కాగితం లాగేసుకోండి. పది నిమిషాలు వేరే కబుర్లు చెప్పి, అప్పుడు ఏం చూశారో చెప్పమనండి, మీరు నోరెత్తకుండా రాసుకోండి. వాళ్ళు చెప్పనివి పేరాలో ఉంటే అవి బరువు, తీసేయండి. వాళ్ళు చెప్పినవి పేరాలో లేకపోతే సంబరపడండి, అది వాళ్ళ ఊహ పనిచేసిన చోటు. అవి కథకి అడ్డం వస్తేనే దిద్దండి. ముగ్గురు చాలు. ఒకరైనా ఆ సంత చూడనివాళ్ళై ఉండాలి.

నాగావళి గట్టు (రాయగడ):

అందరికీ ధన్యవాదాలు. చిత్తులైను: అమ్మేవాళ్ళ పక్కన నేల మీద కూర్చుని చూస్తున్న పదేళ్ళ పిల్లాడు. పేరా ఇలా తిరిగింది:

"కూర్చున్నవాడికి సంతంతా కాళ్ళే. కాళ్ళు వచ్చి పట్టా ముందు ఆగుతాయి, బేరం కుదరక పోతాయి. పక్కనున్నామె అడ్డాకుల కట్ట విప్పి పైన నాలుగు ఆకులు తడిపింది. అడుగువి ఎండి గలగలమన్నాయి. చెప్పులు లేని కాళ్ళు రెండు చాలాసేపు కదల్లేదు. ఆమె కట్ట మీద చెయ్యి పెట్టి పైకి చూసింది. ఆమె జుట్టుకి మూడు క్లిప్పులున్నాయి. చినుకులు మొదలయ్యాయి."

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

ఇప్పుడు కూర్చున్నాను సంతలో. మూడు చిన్న దిద్దుబాట్లు. ఎండిన ఆకులకి గలగల కన్నా గరగర నయం. గలగలలో నీళ్ళో చిల్లరో వినిపిస్తాయి, ఇక్కడేమో ఆకులు తడుపుతూనే ఉన్నారు. క్లిప్పుల వాక్యం "ఉన్నాయి"తో ముగిసింది, పైగా ఆలస్యమైంది. "విప్పి" దగ్గర ఆమె వంగుతుంది కదా, పిల్లాడి ఎత్తుకి తల వచ్చేది అప్పుడే. క్లిప్పులు అక్కడికి జరపండి. చినుకులు ఈ పేరాకి కావాలా? కావాలంటే మొదటి వాక్యంలోని కాళ్ళకి బురద పూయండి.